ఊహ రాశాకే కుక్కర్ మూత తియ్యాలి

విజయవాడ సత్యనారాయణపురంలో మాకు కర్రీ పాయింట్ ఉంది. నేనూ మా తోడికోడలూ నడుపుతాం. పొద్దున పదిన్నరకల్లా పప్పు, సాంబారు, రెండు కూరలు, ఒక వేపుడు, రోటి పచ్చడి కౌంటర్ మీదికి రావాలి. దీనికి ముందు బీఎస్సీ చదివి ఒక ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెప్పాను. అక్కడ ల్యాబ్ బీరువా తాళం ఇన్‌స్పెక్షన్‌కి ఎవరైనా వస్తేనే తెరుచుకునేది. వంటింటికి తాళం లేదు. సెలవొచ్చిందంటే మా వాడు, మా తోడికోడలి కూతురు, ఎదురింటి పిల్లాడు ముగ్గురూ నా కాళ్ళకీ చేతులకీ అడ్డం పడుతూ ఇక్కడే ఉంటారు. ఊరికే ఉంచడం ఎందుకని వాళ్ళచేత చేయించేవే ఇక్కడ రాస్తున్నాను. కొనాల్సినవి పెద్దగా లేవు, రోజూ వండుకునే సరుకే చాలు.

పిల్లల సైన్స్ అనగానే చాలామంది వంటసోడాలో నిమ్మరసం పిండి నురగ పొంగించి చూపిస్తారు. పిల్లలు చప్పట్లు కొడతారు, అంతటితో సరి. నా లెక్కలో అది గారడీ. ఏం జరుగుతుందో వాడిచేత ముందే చెప్పించకపోతే జరిగినదాంట్లో వాడికి పనేముంది? కోడిపందేల బరి దగ్గర డబ్బు కాసినవాడి చూపు వేరు, ఊరికే నిలబడ్డవాడి చూపు వేరు. ఊహ రాయించడమంటే పిల్లాడిచేత పందెం కాయించడమే. కాసింది పోయినా పర్లేదు, అసలు పోయినరోజే వాడు ఎక్కువసేపు గిన్నె దగ్గర నిలబడతాడు.

లెక్కలకి వాడే గళ్ల నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. పేజీని నిలువుగా మూడు గడులు చెయ్యండి. మొదటి గడిలో 'నేనేమనుకుంటున్నా, ఎందుకు', రెండో దాంట్లో 'ఏం కనిపించింది', మూడో దాంట్లో 'ఇప్పుడేమంటా'. రాసేది పెన్నుతోనే. పెన్సిల్ ఇచ్చారంటే మూత తీసిన మరుక్షణం మొదటి గడిలో రబ్బరు తిరుగుతుంది, మా వాడు దీంట్లో ఆరితేరాడు. రాయడం రాని చిన్నపిల్లలైతే వాళ్ళు చెప్పింది చెప్పినట్టు మీరు రాయండి, భాష కూడా దిద్దొద్దు. 'ఎందుకు' అన్న ముక్క మాత్రం వదలకండి. కారణం లేకుండా చెప్పేది ఊహ కాదు, గాలివాటం.

ఇంకా కావాల్సినవి: ఒకే సైజు చిన్న స్టీలు గిన్నెలు మూడు, నిలువుగా ఉండే గాజు గ్లాసులు మూడు, నాలుగు రబ్బరు బ్యాండ్లు, ఒక మార్కర్, స్కేలు, గోడ గడియారం.

పప్పు, చింతపండు

మొదలుపెట్టడానికి దీన్ని మించింది నాకు కనిపించలేదు. పప్పు ఉడక్కముందు చింతపండు వెయ్యకూడదని మనందరికీ తెలుసు. అమ్మ చెప్పింది, అమ్మకి అమ్మమ్మ చెప్పింది. ఈ మాట పిల్లల దగ్గర అనకండి.

మూడు గిన్నెల్లోనూ ఒక్కో చిన్న గరిటెడు కందిపప్పు కడిగి వెయ్యండి. మొదటి గిన్నెలో మామూలు నీళ్ళు. రెండో దాంట్లో అదే కొలత, కానీ నిమ్మకాయంత చింతపండు పిసికి వడకట్టిన పులుసు. మూడో దాంట్లో నీళ్ళతోపాటు చిటికెడు వంటసోడా. మూడూ ఒకే కుక్కర్లో పెట్టి నాలుగు విజిల్స్ రానివ్వాలి. మూత పెట్టేముందు పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి: చింతపండు గిన్నెలో మాత్రం నీళ్ళు తక్కువ పోశామనుకో, అప్పుడు పప్పు ఉడక్కపోతే తప్పు ఎవరిది? చింతపండుదా, నీళ్ళదా? ఎనిమిదేళ్ళ పిల్లలు కూడా దీనికి ఠక్కున 'తెలీదు' అంటారు. ఆ 'తెలీదు' దగ్గరే అసలు సంగతి వాళ్ళకి దొరుకుతుంది. గిన్నె, పప్పు, నీళ్ళ కొలత, మంట అన్నీ ఒకటే ఉండాలి, మారేది ఒక్కటే ఉండాలి. దీనికి స్కూల్లో పెద్ద పేరేదో ఉంది. ఆ పేరు కంఠతా పట్టించకపోయినా నష్టం లేదు.

ఇక ఊహలు. ఎదురింటి పిల్లాడు చింతపండు గిన్నె మీద కాశాడు. "చింతపండుదే ముందు మెత్తబడుద్ది ఆంటీ. చింతకాయ తింటే పళ్ళే పులిసిపోతాయి, పప్పెంత?" ఈ కారణం చూడండి ఎంత బాగుందో. వాడి నోటి అనుభవంలోంచి తీశాడు. మా తోడికోడలి కూతురు తేల్చి పారేసింది: "కుక్కర్ ఒకటే, మంట ఒకటే, మూడూ ఒకటే పెద్దమ్మా." మా వాడు సోడా మీద కాశాడు, బజ్జీల పిండిలో వేస్తారు కాబట్టి అన్నాడు. ముగ్గురి మాటకీ నేను తల ఊపలేదు, ముఖం చిట్లించలేదు. ఇది చెప్పినంత తేలిక కాదు. పిల్లలు మన ముఖం చూసి జవాబు మార్చేస్తారు, అందుకని వాళ్ళు రాసేటప్పుడు ఉల్లిపాయలు తరుక్కోవడం మంచిది.

ఆవిరంతా పోయాక మూత పెద్దవాళ్ళే తియ్యాలి. చల్లారాక ఒక్కో గిన్నెలోంచి పది పప్పు బద్దలు తీసి పళ్ళెంలో మూడు వరసలుగా పెట్టించండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కొక్కటీ నొక్కమనండి. పదిలో ఎన్ని పూర్తిగా నలిగాయి, ఎన్ని సగం విరిగాయి, ఎన్ని గట్టిగా ఉండిపోయాయి? 'మెత్తగా ఉంది' అని రాస్తే ఒప్పుకోవద్దు, అంకె రాయాలి. సోడా గిన్నెలోది బద్దలుగా కూడా దొరకదు, గుజ్జయిపోయి ఉంటుంది. మామూలు నీళ్ళలోది నలుగుతుంది. చింతపండుది వేలి మధ్య జారిపోతూ బద్ద బద్దగానే ఉంటుంది.

కారణం చెప్పాల్సింది ఇప్పుడు, అది కూడా వాళ్ళు అడిగాకే. గింజలోని కణాల్ని ఒకదానితో ఒకటి అంటించి పట్టుకునే పదార్థం పెక్టిన్. వేడి నీళ్ళలో అది కరిగితేనే పప్పు విడిపోయి మెత్తబడుతుంది. పులుపు దాన్ని కరగనివ్వదు, సోడా లాంటి క్షారం తొందరగా కరిగిస్తుంది. ఎదురింటి పిల్లాడు మూడో గడిలో రాసుకున్నది ఇదీ: 'పళ్ళూ పప్పూ ఒకటి కాదు.' ఇంతకన్నా మంచి ముగింపు టెక్స్ట్ బుక్కులో ఉండదు.

పెద్దపిల్లలకి దీని మీదే రెండో మెట్టు ఉంది. కొన్ని ఊళ్ళల్లో బోరు నీళ్ళతో పప్పు ఉడకదంటారు. అలాంటి కఠిన జలంలో కాల్షియం ఎక్కువ ఉంటుంది, అది పెక్టిన్‌ని ఇంకా బిగిస్తుంది. ఊరెళ్ళినప్పుడు ఒక బాటిల్ బోరు నీళ్ళు తెచ్చుకుని, ఇంట్లో కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్ళతో పోల్చండి. పప్పు ఒకే ప్యాకెట్‌లోది కావాలి. పాతబడ్డ పప్పు ఎలాగూ ఆలస్యంగా ఉడుకుతుంది, రెండూ కలిస్తే ఏది దేనివల్లో తేలదు.

గోంగూర రంగు

గోంగూర కడిగి మూకుట్లో వేస్తే ఎంతసేపట్లో రంగు మారుతుందో ఎప్పుడైనా చూశారా? రోజూ వండే నేనే చాలాకాలం పట్టించుకోలేదు. ఆకు మెత్తబడటం, రంగు పోవడం దాదాపు ఒకేసారి జరుగుతాయి. పచ్చగా నిగనిగలాడే ఆకు అంచుల్లో మొదలై, ఈనె పక్క చివరగా, మట్టి కలిసిన ఆకుపచ్చకి దిగుతుంది. పాలకూర అలా కాదు. మూత పెట్టకుండా మగ్గిస్తే కాసేపటిదాకా పచ్చదనం నిలుపుకుంటుంది.

పిల్లల ముందు రెండు చిన్న మూకుళ్ళు పెట్టండి. ఒకదాంట్లో గుప్పెడు గోంగూర, రెండో దాంట్లో గుప్పెడు పాలకూర, రెండింట్లోనూ రెండేసి చెంచాల నీళ్ళు. ఏది ముందు రంగు మారుతుంది, గడియారంలో ఎంతసేపటికి? ఊహలు రాయించి మంట వెలిగించండి. ఒకరు గడియారం చూడాలి, ఒకరు ఆకు చూడాలి, ఒకరు రాయాలి. స్టవ్ దగ్గర మీరు నిలబడాలి. గోంగూర గెలిచాక (అంటే ఓడాక) అసలు ప్రశ్న వెయ్యండి: గోంగూర నాలిక్కి ఎలా ఉంటుంది, పాలకూర ఎలా ఉంటుంది? పచ్చి ఆకులు చెరొక ముక్క నమలనివ్వండి. 'పులుపు' అన్న మాట వాళ్ళ నోటి నుంచి రావాలి.

వచ్చాక కథ సగమే అయింది. పులుపువల్లే అని మనకెలా తెలుసు? రెండు ఆకులూ వేరు, మందం వేరు, ఈనెలు వేరు. ఈ సందేహం పిల్లలకి రాకపోతే మీరు లేవనెత్తండి. దాన్ని తీర్చుకోవడానికి మళ్ళీ పాలకూరనే తీసుకుని రెండు మూకుళ్ళల్లో వెయ్యాలి, ఒకదాంట్లో మాత్రం వేడెక్కాక అర చెక్క నిమ్మకాయ పిండాలి. మా తోడికోడలి కూతురు ఊపిరి బిగబట్టి చూసింది. నిమ్మరసం పడినచోట ముందు మచ్చలు మచ్చలుగా, తర్వాత ఆకంతా గోంగూర రంగుకి తిరిగింది. "పెద్దమ్మా, పాలకూర గోంగూరైపోయింది!" అంది.

ఆకుకి పచ్చరంగు ఇచ్చే పత్రహరితం మధ్యలో మెగ్నీషియం ఉంటుంది. వేడీ పులుపూ కలిసినప్పుడు ఆ మెగ్నీషియం ఊడిపోయి ఆ చోట్లో హైడ్రోజన్ చేరుతుంది, దాంతో రంగు మారుతుంది. టమాటా వేసిన పాలకూర పప్పు ఎందుకు అలా కనపడుతుందో పిల్లలు ఇప్పుడు మీకు చెబుతారు. ఎర్ర గోంగూర, తెల్ల గోంగూర రెండూ దొరికితే వాటి మధ్య పోటీ పెట్టండి. ఏది ఎక్కువ పుల్లగా ఉందో ముందు నాలుకతో తేల్చి, తర్వాత రంగు మీద పందెం కాయాలి. చిటికెడు సోడా వేస్తే పచ్చదనం ఇంకా తేటపడుతుంది, ఆకు మాత్రం జావగారిపోతుంది. కొన్ని హోటళ్ళ పాలక్ కూర అంత పచ్చగా ఎందుకుంటుందో ఎవరికైనా అనుమానముంటే ఇది కూడా ఒక కారణం కావచ్చు.

చూడటం వేరు, తేల్చెయ్యడం వేరు

మిగతావి చెప్పేముందు దొండకాయల ఆట చెప్పాలి, ఎందుకంటే చూడటం రాకుండా ఊహ నిలబడదు. మా సంచిలో కిలోలకి కిలోలు దొండకాయలు ఉంటాయి. తలా ఒకటి ఇచ్చి ఐదు నిమిషాలు చూడమంటాను. గిల్లకూడదు, పెన్నుతో గుర్తు పెట్టకూడదు. తర్వాత అన్నీ బేసిన్‌లో వేసి కలిపి, 'మీ కాయ మీరు తీసుకోండి' అంటాను. మొదటిసారి ఎవరికీ దొరకదు, దొరికిందని గొడవపడతారు. రెండోసారి నోట్‌బుక్‌లో రాసుకుని మరీ వెతుకుతారు: తెల్ల చారలు ఎన్ని, చారలు చివరిదాకా వచ్చాయా మధ్యలో ఆగాయా, తొడిమ ఎటు వంగింది, మూతి దగ్గర ఎండిన పువ్వు ముక్క ఉందా, నీళ్ళలో వేస్తే ఏ పక్క పైకి తిరుగుతుంది. చారలు లెక్కపెట్టిన పిల్లకి కాయ దొరుకుతుంది. 'నాది అందంగా ఉంది' అని రాసినవాడికి దొరకదు.

ఈ ఆట అయ్యాక రెండో గడిలో కొన్ని మాటలు నిషేధించండి: బాగుంది, పాడైంది, చాలా, కొంచెం. 'పెరుగు పాడైంది' అనేది చూసింది కాదు, తేల్చేసింది. పైన నీళ్ళు తేరాయి, వాసన ఘాటుగా ఉంది, చెంచాతో తీస్తే తీగలా సాగింది అని రాస్తే అది చూసింది. మొదట్లో పిల్లలు విసుక్కుంటారు. మా వాడైతే, "అమ్మా, పాడైందంటే అందరికీ అర్థమవుద్దిగా" అని ఇప్పటికీ వాదిస్తాడు. వాడి మాటలో న్యాయం లేకపోలేదు, కానీ నోట్‌బుక్ వరకు నా చట్టమే.

ఇడ్లీ పిండి గీతలు

దీనికి ఒక సెలవు రోజు మొత్తం కావాలి. మినప్పప్పు ఒక వంతు రాత్రే నానబెట్టి, పొద్దున్నే రుబ్బి, రెండు వంతుల ఇడ్లీరవ్వతో కలపండి. కొంచెం మినప్పిండి, కొంచెం నానిన రవ్వ విడిగా ఉంచండి. మూడు గ్లాసులు: ఒకదాంట్లో మినప్పిండి ఒక్కటే, రెండో దాంట్లో నీళ్ళతో రవ్వ ఒక్కటే, మూడో దాంట్లో కలిపిన పిండి. అన్నీ సగం వరకే పోసి, పిండి మట్టం దగ్గర రబ్బరు బ్యాండ్ వెయ్యండి. ఏది పొంగుతుంది? మాకు దోసెలూ ఇడ్లీలూ బియ్యంతో అనే లెక్క కాబట్టి పిల్లలు ముగ్గురూ రవ్వ వైపే మొగ్గారు.

గంటగంటకీ మార్కర్‌తో గ్లాసు మీద గీత, పక్కన టైము. స్కేలుతో కొలిచి నోట్‌బుక్ గళ్ళల్లో చుక్క. మూడు చుక్కలు పడ్డాక స్కేలు పక్కన పెట్టించి అడగండి: వచ్చే గంటకి చుక్క ఎక్కడ పడుతుంది? చేతిలో ఉన్న అంకెలు చూసి లేని అంకె చెప్పడమే అసలైన ఊహ. చాలామంది పిల్లలు చుక్కల్ని తిన్నటి గీతలా పొడిగిస్తారు. పిండి మాట వినదు. మొదటి గంటల్లో కదలనట్టే ఉండి, ఒక్కసారి అందుకుని, కొంత ఎత్తుకి వెళ్ళాక ఆగిపోతుంది. ఇంకా వదిలేస్తే కుంగుతుంది కూడా. గళ్ళ పుస్తకంలో ఆ వంపు చూసి ఎదురింటి పిల్లాడు, "మధ్యాన్నం భోంచేసి లేచింది ఆంటీ" అన్నాడు.

మినప్పిండిలో సహజంగానే ఉండే లూకోనోస్టాక్ మెసెంటరాయిడిస్ లాంటి బ్యాక్టీరియా పెరుగుతూ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. మినప్పిండి జిగురు ఆ గాలిని పట్టి ఉంచుతుంది. రవ్వ గ్లాసులో గింజ అడుక్కి దిగి పైన నీళ్ళు తేరడమే మిగులుతుంది, పట్టుకునే జిగురు లేదు మరి. మే నెలలో చేసిన గీతలు దాచి, డిసెంబర్‌లో మళ్ళీ చేయించి పక్కపక్కన పెట్టండి. వేసవిలో మధ్యాహ్నానికే అయ్యే పని చలికాలంలో రాత్రిదాకా సాగుతుంది. అదే పిండిని ఒక గ్లాసు ఫ్రిజ్‌లో, ఒక గ్లాసు బయట పెడితే ఆ తేడా ఒక్కరోజులోనే కనపడుతుంది.

పెరుగు కూడా ఇదే దారి. గోరువెచ్చటి పాలకీ, వేలు పెట్టలేనంత వేడి పాలకీ, ఫ్రిజ్‌లోంచి తీసిన పాలకీ ఒకే చెంచాతో ఒకే తోడు వేసి చూడండి. మరీ వేడి పాలు తోడుకోవు, తోడులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. పచ్చిమిరపకాయ తొడిమలు వేసినా పాలు తోడుకుంటాయని పెద్దలంటారు. అది నిజమో కాదో పిల్లలకి చెప్పకుండా చేయించండి. పక్కన తొడిమలు లేని పాల గిన్నె కూడా పెట్టడం మర్చిపోవద్దు, లేకపోతే తొడిమల వల్లే తోడుకుందని ఎలా అంటాం? తొడిమలతో తోడుకున్న మొదటి పెరుగు తినకండి.

తొందరగా అయ్యేవి

పెసలు, ఛాయ పెసరపప్పు చెరి 20 గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో కట్టండి. రెండూ ఒకే గింజ నుంచి వచ్చినవే, మరి రెండూ మొలకెత్తుతాయా? పప్పు బద్ద చేసేటప్పుడు మొలక మొదలయ్యే ముక్క విరిగి పోతుంది కాబట్టి అది నానుతుంది గానీ మొలవదు. మూడో గిన్నెలో 20 పెసలు నీళ్ళలో పూర్తిగా మునిగేలా వదిలెయ్యండి, గింజకి గాలి కావాలా వద్దా అన్నది అక్కడ తేలుతుంది.

గోలీసోడా కొట్టి గ్లాసులో పోసి నాలుగు ఎండుద్రాక్షలు వెయ్యండి. మునుగుతాయా, తేలతాయా అని అడిగితే పిల్లలు ఏదో ఒకటి అంటారు, రెండూ జరుగుతాయని అనరు. ముడతల్లో బుడగలు పట్టి పైకి లేపుతాయి, పైన బుడగలు పగిలాక కిందికి పోతుంది. ముడతలే కారణమైతే నున్నటి గింజ వేస్తే ఏమవుతుంది? ఆ ప్రశ్న దగ్గర మీరు తప్పుకోండి, వాళ్ళే వంటింట్లో డబ్బాలన్నీ తీస్తారు.

కమలాపండు తొక్కతో నీళ్ళలో వేస్తే తేలుతుంది, తొక్క తీస్తే మునుగుతుంది. తొక్క తీస్తే బరువు తగ్గుతుంది కదా, మరి మునగడమేంటి? ఈ ఒక్క ప్రశ్నతో మా ఇంట్లో ఒక సాయంత్రమంతా గడిచింది. తొక్క కింద తెల్లటి పొరలో ఇమిడి ఉన్న గాలి సంగతి చివరికి మా తోడికోడలు కనిపెట్టింది, పిల్లలు కాదు.

పసుపు

దుగ్గిరాల పసుపు పక్కనే పండే మనకి ఇది చెప్పకుండా ఎలా? పసుపు నీళ్ళలో సున్నం తగిలితే ఎర్రబడుతుంది, పెళ్ళిలో పారాణి అదే. మొక్కల నుంచి తీసిన రంగులు పులుపుకీ క్షారానికీ మారడం గురించి రాబర్ట్ బాయిల్ అనే శాస్త్రవేత్త 1664లో రంగుల మీద వేసిన పుస్తకంలోనే రాశాడు. పసుపు ముంచి ఎండబెట్టిన తెల్ల కాగితపు ముక్కలు కొన్ని చేసి పెట్టుకోండి. సబ్బు నీళ్ళు, నిమ్మరసం, వంటసోడా నీళ్ళు, ఉప్పు నీళ్ళు, మజ్జిగ ఒక్కో చుక్క వేస్తే ఏవి ఎర్రబడతాయో ముందు వరసగా రాయించండి. పసుపుకి పులుపు తెలియదు, క్షారమే తెలుసు. పులుపుని పట్టుకోవాలంటే మందార రేకులు వేడినీళ్ళలో నానబెట్టిన రసం వాడాలి. పులుపు తగిలితే అది ఎర్రటి గులాబీ రంగుకీ, క్షారం తగిలితే ఆకుపచ్చకీ పోతుంది.

నాకు దీనికన్నా ఇష్టమైంది యూనిఫాం మీద పడ్డ సాంబారు మరక. బట్టల సబ్బు రుద్దగానే మరక ఎర్రబడుతుంది, బాగా జాడిస్తే మళ్ళీ పసుపవుతుంది. ఇప్పుడు పాత తెల్లగుడ్డ మీద పసుపు రాసి రెండు ముక్కలు చేసి, ఒకటి డాబా మీద ఎండలో, ఒకటి బీరువాలో పెట్టండి. సాయంత్రానికి రెండూ పక్కపక్కన చూడాలి. పసుపులోని కుర్కుమిన్ ఎండకి విరిగిపోతుంది. మరక వదలని చొక్కా ఎండలో ఆరేస్తే సగం పని అదే చేస్తుందని అప్పుడు పిల్లలే చెబుతారు.

కారంతో జాగ్రత్త. గుంటూరు మిర్చి యార్డు పక్కన ఉన్నామని పిల్లల చేతికి ఎండుమిర్చి ఇవ్వకండి, ఆ చేత్తో కళ్ళు నలుపుకుంటారు. ఎలాగూ ఆవకాయ అన్నం తినే పిల్లలైతే, ముద్ద మింగాక ఒకరు మంచినీళ్ళు, ఒకరు చిక్కటి మజ్జిగ తాగి, మంట ఎంతసేపటికి తగ్గిందో గడియారం చూసి రాసుకోవచ్చు. మర్నాడు గ్లాసులు మార్చుకోవాలి, లేకపోతే ఒకరికి కారం అలవాటు, ఒకరికి లేదన్న తేడా మజ్జిగ ఖాతాలో పడుతుంది. మిర్చిలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, పాలల్లోని కేసిన్ అనే ప్రొటీన్ దాన్ని పట్టి లాగేస్తుంది.

వేసవి మొత్తానికి: మాగాయ

మామిడికాయలొచ్చాక ఇంట్లో కాటా ఉన్నవాళ్ళు దీన్ని వదలొద్దు. మాకు వ్యాపారానికి కాటా ఉంది, లేనివాళ్ళు పక్కన కిరాణా కొట్లో తూయించుకోవచ్చు. తొక్క తీసి తరిగిన ముక్కలు ఒక కిలో తూచి, లెక్కగా ఉప్పు తూచి, పసుపుతో కలిపి జాడీలో వెయ్యండి. నీళ్ళు ఒక్క చుక్క పోయడం లేదని పిల్లలచేత రాయించండి. మూడోరోజుకి జాడీలో ఏముంటుంది? ఎన్ని గ్లాసులు? ఉప్పు ముక్కల్లోని నీళ్ళని బయటికి లాగుతుంది, అదే ఊట. ముక్కలు పిండి విడిగా, ఊట విడిగా తూయించండి. రెండూ కలిపితే మొదట వేసిన కాయా ఉప్పూ పసుపూ బరువు రావాలి కదా? కొంచెం తేడా వస్తే ఆ కొంచెం ఎక్కడికి పోయిందో వెతకమనండి: జాడీ అంచుకి, చేతికి, గరిటెకి.

తర్వాత ముక్కలు డాబా మీద ఎండబెట్టి రోజూ సాయంత్రం తూచి, గళ్ల పుస్తకంలో చుక్క పెట్టాలి. రేపటి బరువు ఇవాళే రాయాలి. మొదటి రోజు ఎంత తగ్గిందో రెండో రోజూ అంతే తగ్గుతుందని అందరూ రాస్తారు, తగ్గదు. మబ్బు పట్టిన రోజు చుక్క కూడా తెలిసిపోతుంది. ముక్క పైన తడి ఆరి, వంచితే విరక్కుండా వంగే దశలో మాగాయకి సిద్ధమైనట్టు. మరీ ఎండిపోతే ఒరుగులవుతాయి. ఆ సాయంత్రం బరువు నోట్‌బుక్‌లో ఎక్కేదాకా ముక్కలు ఊటలో వెయ్యనివ్వను. వేశాక ఊటని ముక్కలు ఎంత తాగుతాయన్నది మళ్ళీ ఇంకో పేజీ, కానీ ఆ పేజీకి వచ్చేసరికి పిల్లలు ముక్కలు తినేస్తూ ఉంటారు కాబట్టి మా దగ్గర ఆ లెక్క ఇప్పటిదాకా తేలలేదు.